తామర పూలలో లేని తామర పురుగు

గోపమ్మ భర్త సంచి సర్దింది. అడుగున పంచె, అంగీ. పైన జొన్నరొట్టెల మూట. నడుమ గాజుపలకల పెట్టె.

భిక్షపతి కల్వకుర్తి పురుగుల ల్యాబ్‌లో అసిస్టెంట్. ఆ పలకల మీద అతికించినవి తామర పురుగులు. నువ్వుగింజకన్నా సన్నవి. భార్య కొప్పులోని చేమంతులు తెల్ల కాగితం మీద దులిపి పట్టినవే.

"అన్నీ ఒక్క తీర్గనే ఉన్నయ్ గద," అంది గోపమ్మ.

"మీసాలు చూడాలె. దీనికి ఏడు కణుపులు, దానికి ఎనిమిది. రెండు జాతులు. హైదరాబాద్ సార్లకు చూపిచ్చి రేపే వస్త."

"నా కొప్పు బోసి చేసి, పేరు నువ్వు తెచ్చుకో!"

మర్నాడు ఊరి బయటి కుంటలో భిక్షపతి శవం తేలింది. తల వెనక దెబ్బ. గట్టున సంచి.

గోపమ్మ గాజులు తీయనివ్వలేదు.

"చంపినోని ముందలనే పగలగొడ్త."

ఎస్సై ధర్మయ్య సంచిని బీరువాలో పెట్టి తాళం వేశాడు. లోపల ఏముందో ఎవరికీ చెప్పలేదు. ల్యాబ్ ఆఫీసర్‌ను, పాత స్టోర్‌కీపర్ ఎల్లేశాన్ని స్టేషన్‌కు పిలిపించాడు. ల్యాబ్ స్పిరిట్ తాగుతున్న ఎల్లేశాన్ని పట్టించింది భిక్షపతే. దాంతో వాడి నౌకరీ పోయింది.

గోపమ్మ గోడవారన కూర్చుంది.

"సంచిల పువ్వులు దొరికినయ్. ఏం పువ్వులై ఉంటయ్ సార్?" ధర్మయ్య ఆఫీసర్‌ను అడిగాడు.

"చేమంతులు," అన్నాడు ఆఫీసర్. "అతని పనంతా వాటి మీదే."

"నువ్వేమంటవ్ ఎల్లేశం?"

"తామర పువ్వులే సార్. తామర పురుగులు తామరలల్ల గాక యాడుంటయ్? తెంపబోయి జారిపడ్డడు, పాపం."

ఆఫీసర్ ఉలిక్కిపడ్డాడు. "పేరే తామర. ఆ పురుగు కోసం భిక్షపతి ఏనాడూ నీళ్లలో దిగలేదు!"

ధర్మయ్య బీరువా తెరిచాడు. సంచిలో వాడిన తామర పువ్వులు.

"ఇవి ఉన్నట్టు నాకు ఎరుక. పెట్టినోనికి ఎరుక. ఇన్నేండ్లు ల్యాబ్ స్పిరిట్ తాగినవ్ గానీ, పురుగు ఏ పువ్వుల ఉంటదో తెలుసుకోలేదు."

ఎల్లేశం పళ్లు కొరికాడు. "నా నోటికాడి బుక్క గుంజిండు. నేను వాని పాణం తీసిన. నాకేం ఫికర్ లేదు."

గోపమ్మ లేచింది. రెండు చేతులూ బల్ల అంచుకేసి కొట్టింది. గాజుముక్కలు ఎల్లేశం కాళ్ల మీద పడ్డాయి.

"నీకు ఉరి పడ్డనాడు కొప్పునిండ చేమంతులు పెట్టుకొని వస్త."

మరుసటి చలికాలం కోర్టు వాడికి ఉరిశిక్ష వేసింది. ఆమె అన్నట్టే వచ్చింది. ముండమోపికి పువ్వులేంటని ఎవరూ అనలేదు.

1961 డిసెంబర్ 4, సోమవారం పొద్దున ఇల్లు దాటిన భిక్షపతి తిరిగి రాలేదు.