ఆఠీను రాణిని వదలని పార్ట్‌నర్

గెలిచిన కప్పు ఇంకా జానకిరామ్ ఒళ్లోనే ఉంది. బందరు నుంచి బెజవాడ వస్తున్న బస్సు ఉయ్యూరు దాటకముందే హేమ ఆ మాట చెప్పేసింది. ఇక పోటీలకు రాదట. గుణదలలో కొత్తగా పెట్టిన కంప్యూటర్ గేముల కంపెనీలో ఉద్యోగమట. ఇకమీదట పేకాట ఆడటం కాదు, కొత్త పేకాటలు తయారుచేయడమట.

కాలేజీ రోజుల నుంచీ బ్రిడ్జ్ అనే జోడీ పేకాట పోటీల్లో వాళ్లిద్దరూ ఒక జట్టు. జానకిరామ్ మంచి ఆటగాడే కానీ ఒక పిచ్చి ఉంది. చేతికి ఆఠీను రాణి వస్తే చివరి ముక్క దాకా వదలడు. ఆట పోయినా సరే. ఎందుకురా అని హేమ తిట్టిపోసినా కారణం చెప్పేవాడు కాదు.

“మరి నాకు పార్ట్‌నరెవరు?” అన్నాడు ఉక్రోషంగా.

“అది నువ్వే ఆలోచించుకో జానకీ,” అని కిటికీ వైపు తిరిగింది. ఆ మాటలో ఇంకో మాట ఉందని ముందు సీట్లో చేపల బుట్ట పెట్టుకున్న పెద్దావిడకు కూడా అర్థమైంది. మనవాడికి మాత్రం కాలేదు.

ఆ తర్వాత హేమ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే భజన. ఆఫీసులో కొత్త పార్ట్‌నర్ దొరికాడట. మొండివాడట, అయినా అతనితో ఆడుతుంటే టైమే తెలియదట. మధ్యమధ్యలో అఫ్రాజ్ అనే ప్రోగ్రామర్ పేరు. ఇద్దరూ ఒకడేనని జానకిరామ్ తేల్చేసుకున్నాడు. తను ప్రేమించానని చెప్పడు, ఇంకొకడు ఆమె పక్కన కూర్చుంటే ఓర్వడు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటే ఇదే మరి.

ఓ సాయంత్రం ఇక ఉండబట్టలేక జోరువానలో స్కూటరేసుకుని గుణదల వెళ్లాడు. లోపల హేమ, అఫ్రాజ్ ఒకే కంప్యూటర్ ముందు పడీపడీ నవ్వుతున్నారు. జానకిరామ్‌కి ఒళ్లు మండిపోయింది.

“ఇతనేనా నీ పార్ట్‌నర్?” అన్నాడు తడిసిన చొక్కాతోనే.

అఫ్రాజ్ కంగారుపడ్డాడు. “నేను కాదండీ బాబూ! అదిగో, అందులో ఉన్నాడు,” అని స్క్రీన్ చూపించాడు. హేమకు జోడీగా కంప్యూటరే ఆడుతోంది. “ఎల్లుండి రిలీజండీ. ఈవిడ నేర్పినట్టే వీడు ఆఠీను రాణి వస్తే చచ్చినా వదలడు. చివరి దాకా పట్టుకుని ఓడిపోతాడు. ఆ తప్పు దిద్దుతానంటే ఈవిడ ఒప్పుకోరు.”

జానకిరామ్ స్క్రీన్ వైపు చూశాడు. ఇన్నాళ్లూ తను కుళ్లుకున్నది తన మీదేనని తెలిసి సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

“రోజూ నీతో ఆడటం అలవాటైపోయింది. నువ్వేమో నోరు విప్పవు,” అంది హేమ, తల వంచుకుని. “ఇప్పుడైనా చెప్పు. ఆ రాణిని ఎందుకు వదలవు?”

“మొదటి పోటీలో నువ్వు వేసి గెలిపించిన ముక్క అది. అప్పట్నుంచీ దాన్ని పారేయాలంటే చెయ్యాడదు,” అన్నాడు. “నిన్నూ వదులుకోలేను హేమా. పెళ్లి చేసుకుందాం.”

బయట వాన ఇంకా కురుస్తూనే ఉంది. హేమ కళ్లు తుడుచుకుని అఫ్రాజ్ వైపు తిరిగింది.

“ఇక ఆ తప్పు దిద్దేయండి.”

“ఇన్నాళ్లూ వద్దన్నారుగా?”

“అసలు మనిషే వచ్చేశాడుగా,” అంది హేమ.