చెంచాడు బలం

"సాయంత్రం నన్ను పోలీసులకు అప్పజెప్తారట మేడం. మామయ్యకు విషం పెట్టానట. పాపను అప్పుడే నా దగ్గర్నుంచి లాగేసుకున్నారు."

బీరంగూడలో టైలరు కొట్టు పైనున్న ఆ చిన్న డిటెక్టివ్ ఆఫీసుకు ఎవరొచ్చినా, మెట్లెక్కిన ఆయాసం తీరాకే కష్టం చెప్పుకుంటారు. ఇంద్రజకు ఆయాసం కూడా గుర్తులేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఒక కాలికి ఒక రకం చెప్పు, రెండో కాలికి ఇంకో రకం చెప్పు వేసుకొచ్చింది. అది చూసి ఖయ్యూంకు గుండె చివుక్కుమంది.

ఖయ్యూం డిటెక్టివ్ కమలాకుమారి సహాయకుడు. కారు నడిపేది, తలుపులు తట్టేది, ఆమె ఆలోచిస్తుంటే నోరు మూసుకుని ఉండేది ఆయనే. ఆ మూడో పని ఆయనకు చచ్చేంత కష్టం. అయినా మీసాలు నెరిసినా ఆమెను వదిలిపెట్టలేదు. ఆమె బుర్ర పనిచేస్తుంటే పక్కనుండి చూడటం కన్నా మజా లోకంలో ఇంకోటి లేదని ఆయన నమ్మకం.

"మొదట్నుంచి చెప్పమ్మా," అంది కమలాకుమారి.

ఇంద్రజ మామగారు చలపతిరావు పెద్ద ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. కొన్ని వారాలుగా ఆయనకు తీరని దాహం, వాంతులు, మాటల్లో తికమక. ఇప్పుడు పటాన్‌చెరులో ఆసుపత్రి మంచం మీద ఎవరినీ గుర్తుపట్టడం లేదు. రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరిగిందనీ, కిడ్నీలు దెబ్బతింటున్నాయనీ, ఎందుకు పెరిగిందో తేలకపోతే మందు గుడ్డిగా వేయాల్సిందేననీ డాక్టరు చెప్పాడు.

"నేను పాశమైలారంలో కాల్షియం మాత్రలు చేసే కంపెనీలో, ల్యాబులో పని చేస్తాను. డాక్టరు నోట కాల్షియం అన్న మాట రావడమే ఆలస్యం, అత్తయ్య నా బ్యాగు తీసి కుమ్మరించారు. రెండు మాత్రల షీట్లు పడ్డాయి. నేను వేసుకునేవే మేడం అవి!"

"మీ ఆయన ఏమన్నాడు?"

ఇంద్రజ తల దించుకుంది. "ఏమీ అనలేదు."

కమలాకుమారి లేచింది. "కాల్షియం ఊరికే మింగితే ఒళ్లు తనకు కావలసినంత తీసుకుని చాలామటుకు బయటికి తోసేస్తుంది. ఇంతగా లోపలికి పోయిందంటే తలుపు బార్లా తీసిపెట్టింది ఇంకేదో ఉంది. ఖయ్యూం, బండి తీయి."

"తలుపు తీసేటిది ఏంది మేడం?"

"అది ఆ ఇంట్లోనే ఉండాలి. పద."

గుమ్మంలోనే అడ్డం నిలబడింది అత్తగారు కౌసల్యమ్మ. లోపల్నుంచి పాప ఏడుపు వినిపిస్తోంది. "ఇది ఈ గడప తొక్కడానికి వీల్లేదు!"

"తొక్కదులెండి. కారులో కూర్చుంటుంది. మీతోనే నాలుగు మాటలు," అంది కమలాకుమారి. ఆ గొంతు విని కాదనేవాళ్లను ఖయ్యూం ఇంతవరకు చూడలేదు. కౌసల్యమ్మ కూడా పక్కకు జరిగింది.

హాల్లో ఇంద్రజ భర్త సునీల్‌కుమార్ గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు. హత్నూర దగ్గర కోళ్ల దాణా మిల్లులో స్టోరు చూస్తాడు. వంటింటి గట్టు మీద గుడ్ల అట్టలు మూరెడెత్తున పేర్చి ఉన్నాయి. ఈ ప్రాంతంలో అదొక రివాజు. సబ్బుల కంపెనీలో చేసేవాడు సబ్బు కొనడు, మందుల కంపెనీలో చేసేవాడు మాత్ర కొనడు. ఎవరి కంపెనీ సరుకు వాళ్లింటికి వస్తూనే ఉంటుంది, డబ్బులిచ్చి కొంటే నలుగురూ నవ్వుతారు.

"ఆయనకు తిండి ఎవరు పెడతారమ్మా?"

"వంట అదే చేస్తుంది. పొద్దున రాగి జావ మాత్రం నా చేతి మీదే. మోకాళ్లు లాగుతున్నాయంటే మా అబ్బాయి బలం పొడి తెచ్చాడు. చెంచాడు కలిపి తాగించేదాన్ని. వద్దని మొండికేస్తే బతిమాలి మరీ తాగించాను. అంత చూసుకున్నా ఈ మహాతల్లి..." కౌసల్యమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఆ పొడి ఉందా?"

"అయిపోయింది," అన్నాడు సునీల్‌కుమార్, తల్లి నోరు తెరవకముందే. "మెడికల్ షాపులో కొన్నాను. మామూలు ప్రొటీన్ పొడి. ఖాళీ డబ్బా చెత్తలో పడేశాం. దాని సంగతెందుకు మేడం? ఆమె బ్యాగులో దొరికినవి చూడండి ముందు."

కట్టుకున్న పెళ్లాన్ని 'ఆమె' అంటాడేంటి వీడు! ఖయ్యూంకు ఒళ్లు మండింది. అక్కడుంటే నోరు జారేలా ఉందని పెరట్లోకి పోయాడు. అక్కడ పనిమనిషి మల్లవ్వ గిన్నెలు తోముతోంది.

"ఏం మల్లవ్వా, ఇంట్ల గింత లొల్లి ఏంది?"

"ఏం జెప్పాలె అన్నా! ఎలుకల పీడ పోయిందనుకుంటే మనుషుల పీడ షురువైంది. ఇంద్రజమ్మ బంగారమసొంటి మనిషి."

"ఎలుకలకు మందు పెట్టిండ్రా?"

"ఎక్కడిది? మందు పెట్టకుంటనే సచ్చినయ్. సామాన్ల అర్రల ఏందో పొడి కవరు కొరికినయ్. ఇగ సూడు, అన్నీ గా నల్లా కాడికొచ్చి నీళ్ల తొట్టి సుట్టూతనే పడి సచ్చినయ్. ఇంకో చిత్రమేందంటే, పెద్దసారును దవాఖానకు తీస్కపోయిన దినం సునీల్‌సారు ఆ అర్రంత తానే ఊడ్చి కడిగిండు. ఎన్నడన్న చీపురు పట్టిండా ఆయన? నేను జేస్త సార్ అంటే నా మీద కస్సుమన్నడు."

ఖయ్యూం పరుగున వెళ్లి కమలాకుమారిని హాల్లోంచి బయటికి పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"నీళ్ల తొట్టి చుట్టూనా?" ఆమె కళ్లు మెరిశాయి. ఒకసారి గుడ్ల అట్టల వైపు చూసింది. "ఆయన డబ్బా అన్నాడు, మల్లవ్వ కవరంటోంది. ఎలుకలు ఆ కవరు ముక్కను కలుగులోకి లాక్కుపోయే ఉంటాయి. చెయ్యి పెడతావా?"

"ఎలుకల బొక్కల నా చెయ్యా? అల్లా! ఏమన్న కరిస్తే?"

"అన్నీ చచ్చాయిగా ఖయ్యూం."

తిట్టుకుంటూనే పెట్టాడు. సామాన్ల గది గోడ మూల కలుగులోంచి చిరిగిన ప్లాస్టిక్ ముక్క బయటికి వచ్చింది. దాని మడతలో పసుపు తిరిగిన తెల్లటి పొడి అంటుకుని ఉంది. కమలాకుమారి దాన్ని భద్రంగా చుట్టి, తనకు తెలిసిన పశువుల డాక్టరుకు ఫోన్ చేసి, కోళ్ల దాణా గురించి ఏవో రెండు ప్రశ్నలడిగింది. ఆ వెంటనే ఆసుపత్రికి చేసింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించింది.

కాసేపటికి అందరూ హాల్లో ఉన్నారు. కౌసల్యమ్మ ఒడిలో పాప, తలుపు దగ్గర మల్లవ్వ, గడప బయట ఇంద్రజ. కమలాకుమారి జావ గ్లాసు తెచ్చి సునీల్‌కుమార్ ముందు పెట్టింది.

"మీ సామాన్ల గదిలో ఆ బలం పొడి ఇంకా కాస్త దొరికింది. మామూలు ప్రొటీన్ పొడే అన్నారుగా, తాగండి."

అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నాకు... నాకు జావ పడదు."

"ఏవిటండీ ఈ పరీక్షలు!" కౌసల్యమ్మ విసురుగా లేచింది. "నా కొడుకు తెచ్చింది విషమా? ఇలా ఇవ్వండి, నేను తాగుతాను." పాపను దించి, గ్లాసు అందుకుని పెదాల దాకా ఎత్తింది.

"అమ్మా, వద్దు!"

సునీల్‌కుమార్ చేతి దెబ్బకు గ్లాసు ఎగిరి గోడకు తగిలింది. జావ నేలంతా చిందింది. పాప కూడా ఏడుపు ఆపేసింది.

"అందులో రాగి పిండి, ఉప్పు తప్ప ఏమీ లేవు," అంది కమలాకుమారి. "ఆ పొడి పేరు విటమిన్ డి. కోడికి ఎముక గట్టిపడాలన్నా, గుడ్డు పెంకు దిట్టంగా రావాలన్నా దాణాలో అది పడాలి. మనిషి కూడా అది లేకుండా బతకలేడు. తిండిలోని కాల్షియానికి తలుపు తీసేది అదే. కాకపోతే మిల్లుకొచ్చే పొడి ఎంత చిక్కనిదంటే, టన్ను దాణాకు ఒక్క చెంచా చాలు. ఆ చెంచా చలపతిరావు గారు రోజూ ఒక్కరే తాగారు. తలుపు ఇక మూతపడలేదు. ఆయనకు పట్టిన దాహమే ఎలుకలకూ పట్టింది. అందుకే నీళ్ల దగ్గరికొచ్చి చచ్చాయి."

"నా చేత్తోనా?" కౌసల్యమ్మ గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది. "బతిమాలి తాగించానే..."

"మిల్లులో ఉండి బయట కొనడమేంటని తోటివాళ్లే డ్రమ్ములోంచి తీసిచ్చారు మేడం," అన్నాడు సునీల్‌కుమార్. "కోడికే ఇంత బలమైతే నాన్నకు ఎంత మంచిదో అనుకున్నాను. మా నాన్నను నేను చంపుకుంటానా?"

"తెచ్చినప్పుడు మీకు తెలియదు. ఒప్పుకుంటాను. డాక్టరు కాల్షియం అన్నాక మిల్లులో అడిగి తెలుసుకున్నారా లేదా?"

అతను నేల మీద చిందిన జావ కేసి చూశాడు.

"తెలుసుకున్నారు. దొంగ సరుకు బయటపడితే ఉద్యోగం పోతుందని గది కడిగారు. అక్కడ తండ్రికి ఏం మందు వేయాలో తెలియక డాక్టర్లు తలలు పట్టుకుంటుంటే నోరు విప్పలేదు. ఇక్కడ పెళ్లాం బ్యాగు కుమ్మరిస్తుంటే చూస్తూ నిలబడ్డారు. సాయంత్రం ఆమెను స్టేషన్‌కు పంపడానికీ సిద్ధపడ్డారు."

ఇంద్రజ, భర్త వైపు చూడకుండానే అడిగింది. "డాక్టరుకు చెప్పారా మేడం?"

"చెప్పాను. ఇంకా చెయ్యి దాటలేదన్నాడు, మందు మారుస్తున్నాడు. ఈ కవరు ముక్క వెంటనే తెమ్మన్నాడు."

కౌసల్యమ్మ ఎలాగో లేచి, పాపను తెచ్చి కోడలి చేతుల్లో పెట్టింది. పాప తల్లి మెడ చుట్టూ చేతులేసి గట్టిగా కరుచుకుంది.

"ఇందూ, నేనూ వస్తాను," అన్నాడు సునీల్‌కుమార్.

"మామయ్యకు తెలివొచ్చాక ఏం చెప్తావో ఇక్కడే కూర్చుని ఆలోచించుకో," అంది ఇంద్రజ. కారు తలుపు తెరిచి పట్టుకుని వెనక్కి తిరిగింది. "ఎక్కండి అత్తయ్యా."

"ఏ మొహం పెట్టుకుని రానే? నేను ఆయన్ని..."

"ఎన్నాళ్ల నుంచి, రోజుకెంత కలిపారో డాక్టరుకు చెప్పాల్సింది మీరే. ఎక్కండి."

ఖయ్యూం బండి తీశాడు. వీధి మలుపు తిరుగుతుంటే అద్దంలోకి కన్ను పోయింది. కౌసల్యమ్మ కోడలి కాళ్ల వైపు చూస్తోంది. రెండు రకాల చెప్పులు అప్పుడు కనబడ్డాయి ఆమెకు. చప్పుడు చేయకుండా తన చెప్పులు విడిచి, ఇంద్రజ పాదాల దగ్గరికి నెట్టింది. ఇంద్రజ కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుని, తర్వాత వాటిలో కాళ్లు పెట్టుకుంది.

పక్క సీట్లో కమలాకుమారి కళ్లు మూసుకుని ఉంది. ఖయ్యూంకు చెప్పాలనిపించిన మాటలు చాలానే ఉన్నాయి. పటాన్‌చెరు వచ్చేదాకా ఒక్కటీ అనలేదు.