గంటన్నర దూరం

పొద్దున్నే పాలు పొంగే వేళకి అన్నయ్య ఫోన్. ఆమె పాలు దించి, చెయ్యి తుడుచుకుని, తీరిగ్గా ఎత్తి స్పీకర్లో పెట్టింది. ఈ ఫోన్ కోసమే ఏళ్ల తరబడి కాచుక్కూర్చుంది మరి.

"అమ్మాయికి కాన్పు కష్టమైందట చెల్లీ. సాయంత్రం ఆపరేషనట. నన్ను చూడాలని ఏడుస్తోందట. విమానమెక్కితే అందుకుంటానా?"

అన్న కూతురి కాపురం ఈమె ఉండే ఊళ్లోనే. ఈమె ఉద్యోగం విమానం టికెట్లిచ్చే ఆఫీసులో. అన్నయ్య లారీ డ్రైవర్, విమానం ఎక్కిన పాపాన పోలేదు.

నాన్న పోయిన రోజు ఇదే ప్రశ్న ఆమె అడిగింది. అప్పటికి ఈ ఉద్యోగం లేదు. "విమానమెక్కినా రేపటిక్కానీ రాలేవమ్మా, అంతసేపు ఉంచలేం" అన్నాడు అన్నయ్య. నమ్మి, ఈ వంటింట్లోనే కూలబడి ఏడ్చింది. తర్వాత ఉద్యోగంలో చేరి పుట్టింటి ఊరికి మొదటి టికెట్ తీస్తుంటే తెరమీద కనిపించింది, ప్రయాణం గంటన్నర అని. పెద్దకొడుకు పెత్తనం చూపించి కడసారి చూపు దక్కకుండా చేశాడని ఆ రోజు నుంచి ఒకటే కడుపుమంట. ఆ మాట ఆ నోటికే తిరిగి అప్పజెప్పాలి.

అప్పజెప్పింది. "విమానమెక్కినా రేపటిక్కానీ రాలేవన్నయ్యా."

భర్త కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "అదేంటే, మధ్యాహ్నం విమానం ఉందిగా?"

ఆమె ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టింది. "మీరూరుకోండి. ఆ బాధేంటో ఆయనకీ తెలియాలి."

"మధ్యలో ఆ పిల్లేం చేసింది?"

ఆమె ఫోన్ మీంచి చెయ్యి తీసింది. అన్నయ్య ఏడుపు వినాలని చెవి ఒగ్గింది. అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది.

"బతికించావే చెల్లీ."

"ఏంటి?"

"నాన్న పోయినప్పుడు లారీ లెక్కే చెప్పాను నీకు. నాకు తెలిసింది రోడ్డేగా. కొండలన్నీ చుట్టి రావాలి కదా, విమానమైనా మహా అయితే కాస్త ముందొస్తుందనుకున్నా. తర్వాత ఎవరో గంటన్నరేనన్నారు. అప్పట్నుంచి కంటిమీద కునుకు లేదు. నిన్నడగడానికి నోరు రాలేదు. ఇప్పుడు నువ్వే చెప్పావుగా, నేను తప్పు చెప్పలేదన్నమాట. పోనీలే, అమ్మాయిని నువ్వే చూసుకో."

ఆమె ఇన్నాళ్లూ ఎవరిమీద పళ్లు నూరిందో ఆ మనిషి అసలు లేడు. నిజం చెబితే అన్నయ్య కూతుర్ని చూసుకుంటాడు, దక్కిన నిద్ర మాత్రం మళ్లీ పోతుంది.

"అన్నయ్యా, అబద్ధం చెప్పాను. గంటన్నరే."



"అయితే నాన్నని చూసేదానివే."

"చూసేదాన్నే" అంది, ఏడుపు ఆపుకోకుండా. "నీ కూతురైనా నిన్ను చూడనీ. లారీ అక్కడే వదిలేసి ఎయిర్‌పోర్టుకి బయల్దేరు. టికెట్ తీస్తున్నా."

"నన్నొకసారి తిట్టవే, చెల్లీ."

"ముందు రా. దిగాక తిడతా."