ఒకే గడియలో తెరిచిన రెండు ఫోన్లు

అగ్గిపెట్టెల కంపెనీ విడిచేసరికి గుడియాత్తం మీద సన్నగా వాన. నా వేళ్ళకు మందు వాసన. మనసు మాత్రం వేలూరులో, జెబరాజు దగ్గర. తెల్లారితే సత్తువాచారిలో మా రిజిస్టరు పెళ్ళి. మా అన్నకు తెలిస్తే ఇద్దరమూ మిగలం. అందుకే మా మాటలన్నీ తాళం వేసుకునే యాప్‌లోనే.

బస్టాండులో నిలబడి ఫోన్ తెరిచాను. నేను రాయని మాట నా పేరుతో పోయి ఉంది.

“రేపు వద్దు. ఈ పొద్దు చీకటి పడతానే పాలారు వంతెన కాడికి రా.”

కింద జెబరాజు జవాబు: “వస్తా కన్నమ్మా.”

నాకు ఫోన్ అమ్మిన ఉమాపతన్న అంగడి పక్కనే. పరుగెత్తాను.

“ఆ యాప్‌లో తప్పుండాదని ఇప్పుడే వార్తల్లో చెప్పినారమ్మా,” అన్నాడు తల గోక్కుంటూ. “తాళంచెవి ఎవురూ ఊహించలేనట్ట పుట్టాల. ఇదేమో యాప్ మొదట తెరిచినప్పుడు ఫోన్‌లో ఉండే టైం చూసి చేసేస్తాది. అదే టైంలో ఇంకోరు తెరిస్తే వాళ్ళకీ అదే తాళంచెవి. నీ పేరుతో మాట్లాడొచ్చు.”

“అదే టైంలో యెవురు తెరుస్తారన్నా?”

ఆయన ముఖం మారింది.

“ఫోన్ కొనను రాహుకాలంలో వచ్చి, నల్ల నేరం, మంచి టైమే కావాలని మొండికేస్తివి కదా? టైం మన చేతిలోదే అని, ఫోన్ గడియారం పొద్దుటి మంచి గడియకు తిప్పి యాప్ తెరిచిస్తిని. నాకూ అదే గడియ పెట్టన్నా అనింది... జెసింత.”

జెసింత. కంపెనీలో నా పక్కనే కూర్చునేది. జెబరాజును ముందు ఇష్టపడింది తనే. పోయిన నెల జ్వరంతో పోయింది. వాళ్ళమ్మ ఆ ఫోన్‌ను బిడ్డ చేతిలోనే ఉంచి, శవపెట్టె మూయించింది.

“యెవురన్నా తవ్వినారేమో...” ఉమాపతన్న గొణిగాడు. నా కళ్ళలోకి చూడలేదు.

బయట చీకటి పడిపోయింది. వాన ఆగింది. తడిమట్టి వాసన. జెబరాజుకు ఫోన్ చేశాను. మోగింది... మోగింది...

“యాడుండావు?”

“వంతెన కింద, ఇసకలో. నువ్వెవురు? గొంతు ఆర్తిది కాదే. ఆర్తి ఫోన్ నీ కాడికెట్లా వచ్చె?”

“నేనే ఆర్తిని! అది రాసింది నేను కాదు. లేచి వచ్చేయ్!”

గాలి చప్పుడు. దాని మధ్య గుసగుస.

“వెళాట్టా, ఆటలాడతా ఉండావా? ఆర్తి ఈడే ఉండాది. నా భుజమ్మీద తల పెట్టుకోని...”

“ముఖం చూడు జెబరాజూ...”

“చీకటి... జుట్టు కప్పేసుండాది. చెయ్యి చల్లగా...”

అంతలో ఇంకో గొంతు. ఫోన్‌కు బాగా దగ్గరగా. మెత్తగా.

“యెవురు జెబరాజూ, ఫోన్‌లో?”

అది జెసింత గొంతు కాదు.

నాది.