చక్కెర జిగురు

భోజనం చేసి చేతులు కడుక్కుని వచ్చిన సుడిగాలి క్లాసు గుమ్మంలోనే ఆగిపోయింది. గోడ మీద తన చార్టు లేదు! గోడకు కట్టిన తాడుకు రెండు క్లిప్పులు మాత్రం వేలాడుతున్నాయి.

బాటిళ్లు పడేస్తూ, బల్లలు గుద్దుకుంటూ పరిగెత్తే పిల్ల కాబట్టి అందరూ ఆమెను సుడిగాలి అంటారు. కానీ ఆ చార్టు మాత్రం ఎంతో ఓపిగ్గా చేసింది. వారానికో ఇంగ్లీష్ మాట తీసుకుని, దాని అర్థాలు, అదే అర్థం వచ్చే వేరే మాటలు వెతకడం ఆ క్లాసులో అలవాటు. ఈ వారం మాట ‘ఫైండ్ అవుట్’. డిస్కవర్, డిటెక్ట్, లర్న్ అని ఒక వైపు పెట్టింది. తెలుసుకోవడం, ఆరా తీయడం, వాకబు చేయడం, కూపీ లాగడం అని రెండో వైపు పెట్టింది. అక్షరాలన్నీ పాత పేపర్లలోంచి కత్తిరించి, మైదా ఉడికించిన జిగురుతో అంటించింది. ఇంకా గట్టిగా పట్టాలని జిగురులో గుప్పెడు చక్కెర కూడా కలిపింది. పాకం వేళ్లకు ఎలా అంటుకుంటుందో తెలుసు కదా!

ఈ పూట టీచర్ ఒక చార్టును మెట్ల పక్కనున్న అద్దాల బోర్డులో పెడతారు. అది తనదేనని సుడిగాలి ఎప్పుడో తీర్మానించేసుకుంది.

“నా చార్టు ఎవరు తీశారు?” అని అరిచింది.

“నాకేం తెలుసు? ఇక్కడ కూర్చుని తిన్నది నిదానం ఒక్కడే,” అంది ముందు బెంచీ అమ్మాయి.

నడకా మెల్లగానే, మాటా మెల్లగానే కాబట్టి ఆ అబ్బాయిని అందరూ నిదానం అంటారు. వాడి టిఫిన్ బాక్సు సగం అయ్యేసరికి బెల్లు కొట్టేస్తారు. వాడూ ఒక చార్టు చేశాడు. అది గోడ మీద భద్రంగా ఉంది.

సుడిగాలికి ఒళ్లు మండిపోయింది. కిటికీలోంచి చూస్తే నిదానం గ్రౌండు మెట్ల మీద కనిపించాడు. వాడి చేతిలోనే ఉంది చార్టు! సగం అక్షరాలు ఊడిపోయాయి.

“దొంగా!” అంటూ పరిగెత్తింది. “నీ చార్టు బోర్డులో పెట్టించుకోవడానికి నాది పాడుచేస్తావా?”

“అది కాదు... ముందు నేను చెప్పేది...”

“చేసిందంతా చేసి ఇంకేం చెప్తావ్? అందరూ చూడండి, వీడు దొంగ!”

గ్రౌండులో ఆటలన్నీ ఆగిపోయాయి. “దొంగ! దొంగ!” అని చిన్న పిల్లలు కూడా అందుకున్నారు. ఎందుకో, ఏమిటో వాళ్లకు తెలియదు. ఒకరు అంటే చాలు, వంద మంది అంటారు. నిదానం చార్టును జాగ్రత్తగా మెట్టు మీద పెట్టి క్లాసులోకి వెళ్లిపోయాడు.

సుడిగాలి చార్టును లాక్కుంది. వెంటనే వేలు చుర్రుమంది. చీమ! ఒక్కటి కాదు, అక్షరాల కింద బారులు బారులుగా చీమలు. మెట్టు మీద నిదానం చేతిరుమాలు పరిచి ఉంది. ఊడిపోయిన అక్షరాలన్నీ దాని మీద వరసగా పేర్చి ఉన్నాయి.

గొడవ విని టీచర్ వచ్చారు. “జిగురులో ఏం కలిపావమ్మా?”

“చక్కెర, టీచర్.”

“బాగుంది! చీమల్ని విందుకు పిలిచి, వడ్డించావన్నమాట. పాపం, నిదానం వాటిని దులిపి, చార్టును ఎండలో పెడుతున్నాడు.”

సుడిగాలి రుమాలు వైపు చూసింది. అడగడానికి, తెలుసుకోవడానికి రెండు భాషల్లో ఎన్ని మాటలు అంటించిందో! తీరా చేయాల్సిన చోట వాటిలో ఒక్కటీ చేయలేదు.

క్లాసులో నిదానం పక్కనుండే అబ్బాయి బ్యాగు తీసుకుని వేరే బెంచీకి వెళ్లిపోయాడు. ఒంటరిగా కూర్చున్న నిదానం దగ్గరకెళ్లి, సుడిగాలి వాడి చెవిలో గొణిగింది. “సారీ.”

వాడు తలెత్తాడు. జీవితంలో మొదటిసారి గబగబా మాట్లాడాడు.

“గ్రౌండంతా వినేలా దొంగ అన్నావు. సారీ మాత్రం నా ఒక్కడి చెవిలోనా? చిన్న క్లాసుల వాళ్లు కూడా నన్ను వేలెత్తి చూపిస్తున్నారు!”

“చెప్పాను కదా! ఇంకేం చేయాలి?” అని సుడిగాలి విసురుగా వెళ్లి కూర్చుంది. చెప్పినా కోపమేనా అని కాసేపు ఉడికిపోయింది. కానీ వాడు అన్నదాంట్లో తప్పేముంది? ఎంత వెతికినా దొరకలేదు. ఆ పూట ముందు బెంచీ అమ్మాయి చార్టు బోర్డుకెక్కింది. సుడిగాలి అటు చూడను కూడా లేదు.

ఇంటి బెల్లు కొట్టారు. అన్ని క్లాసులూ గ్రౌండులోకి వచ్చాయి. సుడిగాలి అవే మెట్లు ఎక్కింది.

“అందరూ ఆగండి! నిదానం దొంగ కాదు! నా చార్టుకు చీమలు పడితే కాపాడాడు! నేనే ఏమీ అడక్కుండా నోరు పారేసుకున్నాను! తప్పు నాది!”

కొందరు కిసుక్కున నవ్వారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. వెనక ఎక్కడో నిదానం బ్యాగు జిప్పు మెల్లగా లాగుతూ ఆగిపోయాడు.

“ఏంటక్కా? మాకు వినపడలేదు!” అని గేటు దగ్గర నుంచి ఒక చిన్న పాప అరిచింది.

సుడిగాలి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. గేటు దాకా వినిపించేలా మళ్లీ మొదటి నుంచి చెప్పింది.