బాల్కనీ కింద సౌండు బల్ల

ఆ పాత హాల్లో దెయ్యం ఉందంటే ఎవరైనా స్టేజీ వైపే చూస్తారు. మనిషి పోయింది అక్కడే కదా మరి. కానీ హాలు సంగతి తెలిసినవాళ్లు స్టేజీని లెక్కచెయ్యరు. వెనక, బాల్కనీ కింద, ఎడమ మూల... సౌండు ఆపరేటరు కూర్చునే బల్ల ఒకటుంది. చీకటి పడ్డాక దాని జోలికి మాత్రం పోరు.

అక్కడ కూర్చుంటే చెవి పక్కన ఎవరో ఊపిరి పీలుస్తారట. మణికట్టు మీద చల్లగా ఓ చెయ్యి పడుతుందట. ఇద్దరు ఆపరేటర్లు కార్యక్రమం మధ్యలో లేచి, చెప్పులు కూడా వదిలేసి పరుగు తీశారని చెబుతారు. ఆ తర్వాత ఎవరొచ్చినా తమ సామాను హాలు నడిమధ్య పెట్టుకుని, పని కానిచ్చుకుని పోయేవాళ్లు.

జిరాక్స్ ఒప్పుకుంటేగా.

జిరాక్స్ అంటే ఈ కథలో ఆపరేటరుకి స్వయానా బావమరిది. పేరు పెట్టింది తోటి వాయిద్యగాళ్లు. ఒకప్పుడు 'ఉరుము' అని జనాన్ని ఊపేసిన రాక్ గాయకుడు ఉండేవాడు. ఆయనా ఆయన బృందమూ చేసిన కచేరీలని ఉన్నవి ఉన్నట్టు మళ్లీ చేసి చూపించడమే జిరాక్స్ బృందం పని. ఉన్నవి ఉన్నట్టు అంటే అలా ఇలా కాదు. ఉరుము పాట మధ్యలో దగ్గితే వీడూ అక్కడే దగ్గుతాడు. ఆయన గిటారిస్టు ఒకచోట శ్రుతి తప్పాడని, వీళ్ల గిటారిస్టు ఆ తప్పుని నెలరోజులు సాధన చేశాడు. "మేం వాయించేది పాట కాదు బావా, ఆ రాత్రిని," అంటాడు జిరాక్స్.

ఉరుము ఆఖరి కచేరీ ఈ హాల్లోనే జరిగింది. ఆఖరి పాటలో గుండె ఆగి కుప్పకూలాడని అందరూ చెప్పుకునేదే. ఎవరో అభిమాని జేబులో దాచుకొచ్చిన రికార్డరులో ఆ పాట మిగిలింది. ఉరుము, ఆనాడు చూసినవాళ్లు చెప్పినట్టు, ఒక చేత్తో గిటారు, ఒక చేత్తో మైకు పట్టుకుని ఉన్నట్టుండి అరుస్తాడు— "ఆపు." ఇదేదో కొత్త ఆట అనుకుని జనం వెర్రెత్తి "ఆపం" అంటారు. మళ్లీ "ఆపు." మళ్లీ "ఆపం." మూడోసారికి ఆయన గొంతు నిలువునా చీరుకుపోతుంది. జనం హోరు... టేపు అయిపోతుంది.

అభిమానులకి ఆ మూడు కేకలే ప్రాణం. జిరాక్స్ ఎక్కడ పాడినా టిక్కెట్టు కొనుక్కుని వచ్చేది ఆ మూడుసార్లు "ఆపం" అనడానికే. మొదటి రెండు కేకలూ వీడు అచ్చుగుద్దినట్టు దింపేశాడు. మూడోదే లొంగలేదు. ఆ చీలిక రాదు. అద్దం ముందూ, స్నానాలగదిలోనూ ఏళ్ల తరబడి అరిచినా రాలేదు. "వంటింట్లో అరవకురా, పాలు విరిగిపోతాయి," అని వాళ్లక్క కసిరేది.

అమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆ అక్కే. హాలు కూల్చేయబోతున్నారనీ, ఈలోగా అక్కడ ఒక్క కచేరీ చేసి తీరతాననీ వాడు పట్టుబట్టినప్పుడు ఆవిడ మొగుణ్ణి గుమ్మం దగ్గర ఆపింది.

"వాడు ఆ చచ్చినాయనలో పడి కొట్టుకుపోతున్నాడు. మీరున్నారనే పంపుతున్నా. నా తమ్ముణ్ణి నాకు తెచ్చివ్వండి."

"పాటకచేరీకే కదే," అన్నాడు ఆపరేటరు. అన్నాడే గాని, ఆ మాట అతని గుండెలో ముల్లులా ఉండిపోయింది.

హాల్లో జిరాక్స్ ఆ ఆఖరి కచేరీ నాటి పాత ఫొటో చేత్తో పట్టుకుని తిరిగాడు. మైకు అక్కడే. స్పీకర్లు అక్కడే. సౌండు బల్ల... ఎడమ మూలే.

ఆపరేటరు మధ్యాహ్నమంతా వైర్లు చూశాడు. పాతవే గాని ఏ వంకా కనబడలేదు. బల్ల పక్కన గోడకి స్టేజీ కరెంటు మొత్తానికీ ఒక్కటే పెద్ద పిడి ఉంది. కిందికి లాగితే అంతా చీకటి.

అది చూస్తుంటే వాచ్‌మన్ వచ్చాడు. బల్లకి నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

"ఉరుము పోయిననాడు అక్కడ కూర్చున్న ఆపరేటరు మళ్లీ జన్మలో స్విచ్చి ముట్టుకోలేదు సార్," అన్నాడు గొంతు తగ్గించి. "ఇంట్లో కూడా. లైట్లన్నీ వెలుగుతుంటే అలాగే పడుకునేవాడట. పోయేదాకా అంతే."

"గుండె ఆగి పోయినాయనకీ ఈయనకీ ఏమిటి సంబంధం?"

"అదే ఎవరికీ తెలీదు..."

కచేరీ మొదలయ్యేముందు జిరాక్స్ పరుగున వచ్చాడు. "బావా, మూడు కేకలూ అయ్యేదాకా బల్ల మీద చెయ్యి పెట్టకు. ఏం జరిగినా సరే. ఈ రోజు నాకు ఆ మూడోది వస్తుంది. నాకు తెలుస్తోంది."

వాడి కళ్లు చూస్తే ఆపరేటరుకి భయం వేసింది.

హాలు కిక్కిరిసింది. పాట వెనక పాట నడిచింది. దగ్గు దగ్గరే దగ్గు పడింది, శ్రుతి తప్పాల్సినచోటే తప్పింది. ఆఖరి పాట ఎత్తుకునేసరికి ఆపరేటరు ఎడమ చెవి చల్లబడింది. ఎవరో ఊపిరి పీలుస్తున్నారు... తల తిప్పాడు. గోడ. అంతే.

జిరాక్స్ ఒక చేత్తో గిటారు పట్టుకున్నాడు. రెండో చెయ్యి మైకు మీద వేశాడు.

"ఆపు."

"ఆపం," హాలు దద్దరిల్లింది.

"ఆపు."

"ఆపం."

స్పీకర్లలో సన్నగా ఓ రొద లేచింది. తుమ్మెద రొదలా మొదలై పెరుగుతోంది... అంతలో మూడో కేక వచ్చింది.

గొంతు నిలువునా చీరుకుపోయింది. అచ్చం టేపులో లాగే. వెంట్రుకవాసి తేడా లేదు. సాధించాడు వెధవ, అనుకున్నాడు ఆపరేటరు. సంతోషంతో కళ్లు చెమర్చాయి కూడా.

జనం పూనకం వచ్చినట్టు "ఆపం, ఆపం" అంటున్నారు. వాయిద్యగాళ్లు నవ్వుతూ వాయిస్తున్నారు. జిరాక్స్ వేళ్లు మైకుని వదలడం లేదు. మెడ వెనక్కి వాలి బిగుసుకుపోయింది. మడమలు నేల మీద టకటకా కొట్టుకుంటున్నాయి.

ఇది టేపులో ఉందా? టేపులో గొంతే గాని మనిషి కనబడడు కదా... ఇదీ నకలేనా? చెయ్యి పెట్టొద్దన్నాడు. ఏం జరిగినా పెట్టొద్దన్నాడు. ఆపరేటరు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

అప్పుడు నాలుగో "ఆపు" వినబడింది.

టేపులో నాలుగోది లేదు. ఆపరేటరు పిడి మీద పడి కిందికి లాగేశాడు.

చీకటి. ఆ చీకట్లో స్టేజీ మీద దబ్బుమని మనిషి పడ్డ చప్పుడు. ఆపరేటరు కుర్చీలని తన్నుకుంటూ, జనం మీదుగా పాకుతూ వెళ్లి బావమరిది ఛాతీ మీద చెవి పెట్టాడు. కొట్టుకుంటోంది.

గోడలో ఎర్తు వైరు ఏళ్లుగా తుప్పుపట్టి తగిలీ తగలక ఉందనీ, ఆ రాత్రి పూర్తిగా విడిపోయిందనీ కరెంటు మనిషి తేల్చాడు. గిటారు నుంచి మైకుకి, మనిషి గుండెల మీదుగా కరెంటు పారిందన్నాడు. ఇక ఉరుముది గుండెజబ్బు కాదని ఎవరూ విప్పి చెప్పాల్సిన పనిలేకపోయింది. ఆ మూడు కేకలూ పాటలోవి కావు. కరెంటు ఆపమని ప్రాణం కోసం ఒక మనిషి పెట్టిన కేకలకి ఇన్నేళ్లుగా వేలమంది "ఆపం" అంటూ వచ్చారు.

ఆసుపత్రి మంచం మీద జిరాక్స్ రెండు అరచేతులకీ కట్లు. అక్క స్పూనుతో నీళ్లు పోస్తోంది.

"నాలుగోసారి అరిచావు కాబట్టి బతికిపోయావురా," అన్నాడు ఆపరేటరు.

జిరాక్స్ అయోమయంగా చూశాడు. "మూడోదానికే దవడలు బిగుసుకుపోయాయి బావా. నాలుగోది నేనెక్కడ అరిచాను?"

ప్రతి కచేరీనీ, పాతదాంతో పోల్చుకోవడానికి, బల్ల మీద రికార్డరు పెట్టి పట్టడం వాళ్ల అలవాటు. అది బ్యాటరీ మీద నడిచేది. ఆపరేటరు సంచీలోంచి తీసి అక్కడే పెట్టాడు.

ఆపు. ఆపం. ఆపు. ఆపం. చీరుకుపోయిన మూడో కేక. జనం హోరు, దూరంగా. రొద.

ఆ పైన, దూరంగా కాదు... రికార్డరుకి పెదాలు ఆనించినంత దగ్గరగా, ఒక ముసలి గొంతు, ఏడుస్తూ—

"ఆపు... ఈసారైనా ఆపు బాబూ."