చౌడమ్మ అడుగు

ఉదయం ఆరున్నర. సన్నగా వాన పడుతోంది. గాలి లేదు.

పాత రన్‌వే పక్కనున్న రేకుల షెడ్డులో గుంట మగ్గం ఒకటి ఆడుతోంది. ధర్మవరం నుంచి లారీలో తెచ్చి, సిమెంటు గచ్చు పగలగొట్టి, గుంట తవ్వి దాన్ని అక్కడ దించారు. మగ్గం ముందు చౌడమ్మ కూర్చుంది. కాళ్లకు పలచటి మేజోళ్లు, వాటి నిండా సెన్సార్లు.

కాలికింది చెక్కను ఆమె తొక్కినప్పుడల్లా పక్కనున్న తెర మీద ఒక గీత లేచి పడుతోంది. డాక్టర్ రహమతుల్లా ఆ గీతనే చూస్తున్నాడు.

"గంట నుంచి ఒక్క పోగూ తెగలేదే, చౌడమ్మా."

"తెగనిస్తే చీరెట్లయితాది సార్."

"తెగబోతోందని మీకెట్లా తెలుస్తుంది?"

ఆమె కాస్త ఆలోచించింది. "నాకు తెలీదు. కాలికి తెలుస్తాది."

ఆయన ఆ మాట రాసుకున్నాడు.

షెడ్డు బయట నీలం కారు తడుస్తోంది. నాలుగు చక్రాలకు నాలుగు మోటార్లు, పన్నెండు వందల హార్స్‌పవర్. నిలబడ్డ చోటి నుంచి అలాంటి కారు ఒక్కసారిగా దూకడాన్ని లాంచ్ అంటారు. బలం పుట్టించడం కష్టం కాదు, దాన్ని నేలకు అందించడమే కష్టం. ఒక్కో టైరు నేలను తాకేది రెండు అరచేతులంత మేర. టైరు కొంచెం జారితేనే నేలను గట్టిగా పట్టుకుంటుంది. ఆ కొంచెం దాటితే పట్టు మొత్తం పోతుంది. ఆ రెంటికీ మధ్యనున్న సన్నని చోట కారును నిలబెట్టాలి. అప్పటిదాకా ఉన్న కంప్యూటర్లన్నీ టైరు జారాక చూసుకుని బలం తగ్గించేవి. జారబోయే ముందే తగ్గించేది ఒక్కటీ లేదు.

మూడు నెలల కిందట ఇదే రన్‌వే మీద, ఇలాంటి తడిలోనే, చౌడమ్మ కూతురు ఉజ్వల యాక్సిలరేటర్ నొక్కింది. ఉజ్వల టెస్ట్ డ్రైవర్, ఇరవై నాలుగేళ్లు. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. కారు ముందుకు పోలేదు, పక్కకు పోయింది. పక్కన గోడ.

కాలర్ బోన్ రెండు ముక్కలైంది. ఆపరేషన్ జరిగినంతసేపూ చౌడమ్మ ఆస్పత్రి బెంచీ మీద కూర్చుంది. ఆమె పాదాలు మాత్రం ఒకటి తర్వాత ఒకటి గచ్చును తొక్కుతూనే ఉన్నాయి. కారును తయారుచేసిన రహమతుల్లా ఎదురుగా కూర్చుని ఆ పాదాలనే చూశాడు.

"అమ్మా, ఏం చేస్తున్నారు?" అని చివరికి అడిగాడు.

ఆమె కిందికి చూసుకుంది. "నేస్తాండానేమో," అంది.

అలా మొదలైంది. పోగు తెగబోయే ముందే తగ్గే ఆ కాలి తీరును, టైరు జారబోయే ముందు తగ్గేలా కారుకు నేర్పాలని ఆయనకు తోచింది. ఆమె అడిగింది ఒక్కటే. "నా కాలు ఆ కారులో పెడితే నా బిడ్డ గోడకు పోదు గదా?"

"పోదు," అన్నాడాయన.

"అయితే పెట్టండి."

*

వారం రోజులు రికార్డు చేశాక తెర మీద ఒక విచిత్రం కనిపించింది. తొక్కే ముందు ప్రతిసారీ చౌడమ్మ కాలు ఒక క్షణం ఆగుతోంది. సెకనులో పదో వంతు.

"ఇదెందుకు?" అన్నాడు రహమతుల్లా.

"ఉజ్వల పాకే వయసులో గుంటలోనే ఆడుకుంటా ఉండేది. ఒకనాడు చెక్క కింద వేలు పెట్టింది." ఆమె పోగు సర్దుకుంది. "ఆ పొద్దు నుంచి కాలు వేసేముందు చూసుకుంటా."

"ఇప్పుడు గుంటలో ఎవరూ లేరు కదా."

"లేరు."

పనికిరాని ఆలస్యం అనుకుని ఆయన ఆ ఆగడాన్ని ప్రోగ్రాం నుంచి తీసేశాడు. టైర్లు జారాయి. మళ్లీ పెట్టాడు. పట్టాయి. ఆ పదో వంతు సెకనులో మోటార్లు మెత్తగా లాగితే, కారు బరువు వెనక్కి ఒరిగి టైర్ల మీద కుదురుకుంటోంది. ఆ తర్వాత ఎంత బలం ఇచ్చినా నేల తీసుకుంటోంది. దేశంలోకెల్లా వేగంగా దూకే కారు, దూకే ముందు చెక్క కింద పాప వేలు ఉందేమోనని చూసుకునేది.

ఆ ప్రోగ్రాంను నింపి కారులో బిగించే యంత్రానికి అడుగు అని పేరు పెట్టారు. అగ్గిపెట్టెంత ఉంటుంది.

భుజం కట్టు విప్పిన వారానికి ఉజ్వల కారెక్కింది. లోపల ఉన్నదేమిటో ఆమెకు చెప్పలేదు. వాన పడుతోంది. కారు కదిలింది. చప్పుడు లేదు, నీళ్లు కూడా చిందలేదు. మగ్గం మీద పడుగు పోగుల మధ్య నాడె జారినట్టు రన్‌వే మీద జారిపోయి, పొగమంచులో కలిసి, మళ్లీ వచ్చింది. చూస్తున్నవాళ్లకు కారు ఆగే ఉందనీ, రన్‌వేనే ఎవరో మెల్లగా దాని కిందికి లాగుతున్నారనీ అనిపించింది.

ఉజ్వల దిగి, తలుపు మూయకుండా నిలబడింది.

"సార్, లోపల ఎవరున్నారు?"

"సాఫ్ట్‌వేర్."

"కాదు." ఆమె షెడ్డు గుమ్మంలో ఉన్న అమ్మ వైపు చూసింది. చిన్నప్పుడు గుంటలో దిగి, అమ్మ పాదాల మీద పాదాలు పెట్టుకుని నిలబడేది. అమ్మ తొక్కితే తనూ లేచి పడేది. "నువ్వేనా మా?"

చౌడమ్మ తలూపింది.

"బాగుందా?" అంది.

"బాగుంది. నాకొద్దు."

*

ఆ ఏడాదిలో ఆరు రేసు జట్లు అడుగును పెట్టించుకున్నాయి. ఆ రన్‌వే మీదే జరగబోయే రేసులో దిగే కార్లలో పెట్టించుకోనిది ఉజ్వల నడిపే నీలం కారు ఒక్కటే.

"పెట్టించుకోవే," అంది చౌడమ్మ, పప్పు వడ్డిస్తూ.

"నీ కాలుతో గెలిస్తే కప్పు నీకియ్యాల. నువ్వు దాంట్లో వక్కలు పోసుకుంటావు."

"పోసుకుంటే ఏంది, పోసుకుంటా. నువ్వు పెట్టించుకో."

ఉజ్వల నవ్వలేదు. "గోడకు గుద్దింది నేను గదా మా. మళ్లా నిలబడాల్సింది నేనే. నేర్పిస్తే నేర్పించు."

మరుసటి రోజు నుంచి ఉజ్వల గుంటలో కూర్చుంది. మొదటి రోజు నలభై పోగులు తెంపింది. చౌడమ్మ ఒక్కో పోగూ ముడివేసింది. నెల గడిచేసరికి లెక్క మూడుకు దిగింది. మూడు దగ్గరే ఆగిపోయింది.

రేసుకు ముందురోజు చౌడమ్మ ఆ మూడు ముడులనూ వేలితో తడిమి చూసింది.

"ఇంగో నెలుంటే..." అంది.

"రేపే గదా మా."

*

రేసు రోజు పొద్దున ఎనిమిదికి మళ్లీ వాన. రన్‌వే మీద ఏడు కార్లు పక్కపక్కన నిలబడ్డాయి. నీలం కారు చివరిది. దూరాన పొగమంచు తెల్లగా దిగి ఉంది. ఆ మంచులో రన్‌వే సన్నబడి, రెండు కార్లు మాత్రమే పట్టే రోడ్డవుతుంది.

చౌడమ్మ గేటు దగ్గర నిలబడింది. పక్కన రహమతుల్లా గొడుగు పట్టుకున్నాడు.

పచ్చ లైటు వెలిగింది.

ఆరు కార్లు ఒక్క క్షణం ఆగాయి. ఆరూ ఒకేసారి, ఊపిరి తీసుకున్నట్టు. తర్వాత ఆరూ కలిసి కదిలాయి. ఏ చక్రమూ జారలేదు. ఒకటి ముందూ కాదు, ఒకటి వెనకా కాదు. చాపిన పడుగులా సాగిపోయాయి. చూడటానికి ఎంత బాగుందంటే జనం అరవడం మర్చిపోయారు.

నీలం కారు తోక మాత్రం పక్కకు ఊగింది. చౌడమ్మ చెప్పుల్లోని పాదం బురదను తొక్కింది. తోక మళ్లీ ఊగి, నిలబడింది. కారు అందరికంటే చాలా వెనక బయలుదేరింది.

"పోయింది సార్," అంది చౌడమ్మ. "తిన్నగానే పోయింది."

రహమతుల్లా ఆరు కార్ల వైపు చూస్తున్నాడు. గొడుగు పక్కకు ఒరిగి నీళ్లు ఆమె భుజం మీద పడుతున్నాయి.

"ఏంది సార్?"

"తడి నేల మీద మోటారు బలం పనిచేయదు, పట్టే పనిచేస్తుంది. టైర్లు అందరివీ ఒకటే. పట్టు కూడా ఇప్పుడు అందరిదీ ఒకటే." ఆయన గొంతు తగ్గింది. "ఇదివరకు ఎవరో ఒకరు జారేవాళ్లు. సన్నదారి వచ్చేసరికి ముందువెనకలయ్యేవాళ్లు."

"మరి ఇప్పుడు?"

"ఆరూ ఒకేసారి చేరతాయి. మేం ఒక్క కారుతోనే పరీక్షించాం, చౌడమ్మా."

ఆరు కార్లూ పక్కపక్కనే మంచులోకి వెళ్లాయి. నీలం కారు కూడా వాటి వెనకే వెళ్లింది. కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత రేకులు ఒరుసుకున్న చప్పుడు, దాని మీద ఇంకో చప్పుడు. ఆ తర్వాత వాన ఒక్కటే.

మనుషులు అటు పరిగెత్తారు. రహమతుల్లా గొడుగు పడేసి పరిగెత్తాడు. చౌడమ్మ కాళ్లు కదల్లేదు. ఆరు కార్లలో ఉన్నవి అవే కాళ్లు.

మంచులోంచి ఒక మనిషి నడిచి వచ్చాడు. హెల్మెట్ చేతిలో ఉంది.

"ఒకటి," అంది చౌడమ్మ.

ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఇద్దరు వచ్చారు. ఒకడు కుంటుతున్నాడు. రెండు, మూడు. నాలుగో అతను నడుస్తూనే ఫోనులో మాట్లాడుతున్నాడు. "ఏం కాలేదమ్మా, నేను బాగున్నా, ఏడవద్దు," అంటున్నాడు. నాలుగు. చాలాసేపటికి ఇంకొకరు. ఐదు.

తర్వాత ఎవరూ రాలేదు. ఐదు, ఐదు అనుకుంటూ నిలబడింది.

మంచులో నీలం రంగు కనబడింది. కారు మెల్లగా వస్తోంది. దారికడ్డంగా పరిగెత్తే మనుషుల కోసం ఆగుతోంది, కదులుతోంది. ఆగిన ప్రతిసారీ, కదిలే ముందు, ఒక్క క్షణం చూసుకుంటోంది. అందులో అడుగు లేదు.

కారు గేటు దగ్గర ఆగింది. పక్క సీట్లో చెయ్యి ఛాతీకి కట్టుకుని, మిగిలిన కారు నడిపిన కుర్రాడు. మణికట్టు విరిగింది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆరు.

ఉజ్వల అద్దం దించింది. "నాకు ఆపుకోడానికి చోటు దొరికింది మా. వెనకుండాను గదా."

చౌడమ్మ కిటికీలోంచి చెయ్యి పెట్టి కూతురి కాలర్ బోన్ తడిమింది. ముడివేసిన పోగును తడిమినట్టే.

"ఏడు," అంది.

తర్వాత వెనక్కి తిరిగి, వానలో నిలబడ్డవాళ్ల వైపు చూస్తూ, మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టింది.